డప్పు బ్రేక్ ప్రోగ్రామింగ్: రెండు చేతులూ వినబడాలంటే

నల్లగొండ, పాలమూరు జానపదాలకు కంప్యూటర్లో డప్పు ట్రాక్ చేసేటప్పుడు చరణానికి ముందొచ్చే బ్రేక్ దగ్గరే వాయించింది మనిషి కాదు, మిషన్ అని దొరికిపోతుంది. మిగతా చోట్ల గొంతు, కోరస్ కప్పేస్తాయి. బ్రేక్ నడిచే రెండు బార్లలో (తాళపు ఆవృత్తాల్లో) డప్పు ఒంటరిది.

వాయించేవాళ్ల చేతులు గమనించండి. కుడిచేతిలో పొట్టి, లావు సిర్ర. ఎడమచేతిలో సన్నటి, పొడవాటి సిటికెన పుల్ల. రెండింటి చప్పుడూ వేరు కాబట్టి సిర్రకొక ట్రాక్, పుల్లకొక ట్రాక్ పెట్టండి. ఒక్కోదానికి మూడు నాలుగు శాంపిళ్లు (రికార్డు చేసిన విడి దెబ్బలు) మార్చి మార్చి మోగాలి, లేకుంటే రోల్ (వరసగా పడే వేగం దెబ్బలు) కుట్టుమిషన్ లాగా ఉంటుంది. ఆ శాంపిళ్లన్నీ ఒకే కాకలో రికార్డు చేసినవై ఉండాలి. కాచిన డప్పు చల్లారేకొద్దీ తోలు సడలి శ్రుతి దిగుతుంది. వేడి దెబ్బ పక్కన చల్లారిన దెబ్బ పడితే రెండు డప్పులనిపిస్తుంది.

వెలాసిటీ (దెబ్బ బలం చెప్పే అంకె) సిర్ర ఒత్తుకు 105–120, మామూలు దెబ్బకు 80–95, పుల్లకు 35–60. అంకెల్ని అడ్డదిడ్డంగా మార్చే ర్యాండమైజ్ కొట్టి వదిలేయకండి. వాయించే చేతికి ఒత్తు ఎక్కడ పడాలో తెలుసు, ఆ తెలివి మీరే గీయాలి.

120 టెంపోలో (నిమిషానికి 120 బీట్లు) బీటులో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లు. బార్ మొదటి దెబ్బను గ్రిడ్ (తెర మీది తాళపు గీతలు) మీదే ఉంచి, పుల్ల దెబ్బల్ని 5–12 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేలా జరపండి. కిక్‌తో (బేస్ డ్రమ్‌తో) కలిసి పడాల్సిన దెబ్బ 30 దాకా జరిగితే రెండు చప్పుళ్లుగా చీలుతుంది. త్రిశ్ర నడకైతే (బీటుకు మూడు దెబ్బలు) గ్రిడ్‌నే ట్రిప్లెట్‌కు మార్చండి. జంటలో రెండో దెబ్బను ఆలస్యం చేసే స్వింగ్‌ను 66 శాతానికి లేపినా మూడింటిలో నడిమి దెబ్బకు చోటు దొరకదు.

గుంపు కావాలని ట్రాక్‌ను కాపీ చేస్తే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుందంతే, గుంపు రాదు. రెండో డప్పును వేరే శాంపిళ్లతో మళ్లీ వాయించి, కొంచెం ఎడమకో కుడికో ప్యాన్ చేయండి.

ఇక శుభ్రం సంగతి. కింద కిక్ ఉంటే డప్పులో 80–90 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోయండి. రెండూ కలిసినప్పుడు అడుగు పలచబడితే ఒకదాని పోలారిటీ తిప్పి (శబ్దపు అలను తలకిందులు చేసి) చూడండి, ఏది నిండుగా వినబడితే అది ఉంచండి. శాంపిల్ మొదట్లో టిక్‌మంటే 1 మిల్లీసెకను ఫేడ్ చాలు, ఎక్కువైతే దెబ్బ మొన పోతుంది. పెద్ద శబ్దాన్ని అణిచే కంప్రెసర్ అటాక్ (అణచడానికి పట్టే సమయం) 20–30 మిల్లీసెకన్లు ఉండాలన్నదీ అందుకే. రివర్బ్‌లో (గది ప్రతిధ్వనిలో) 300 హెర్ట్జ్ కింద ఏమీ ఉంచకండి.

ఆఖర్న ఫోన్ స్పీకర్‌లో వినండి. పుల్ల వినబడకపోతే 3–5 కిలోహెర్ట్జ్ మధ్య 2 డెసిబెల్స్ లేపండి, వెలాసిటీ ముట్టకండి.