సూర్యగ్రహణాన్ని అర్థం చేసుకోవడం, కంటికి హాని లేకుండా చూడడం

సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది కానీ, ప్రతి అమావాస్యకూ రాదు. చంద్రుని కక్ష్య భూకక్ష్యాతలానికి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉండడం వల్ల చాలా అమావాస్యలలో చంద్రుని నీడ భూమికి పైగానో కిందుగానో దాటిపోతుంది. చంద్రుని కక్ష్య ఆ తలాన్ని ఖండించే రెండు బిందువులకే సంప్రదాయ గణితంలో రాహువు, కేతువు అని పేర్లు. వాటి సమీపంలో అమావాస్య సంభవించినప్పుడే నీడ భూమిమీద పడుతుంది. ఇది ఏడాదికి కనీసం 2 సార్లు, గరిష్ఠంగా 5 సార్లు జరుగుతుంది.

సూర్యుని వ్యాసం చంద్రుని వ్యాసానికి సుమారు 400 రెట్లు. దూరమూ ఇంచుమించు అన్ని రెట్లే కావడంతో ఆకాశంలో రెండు బింబాలూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పివేస్తే అది సంపూర్ణ గ్రహణం. దూరంగా ఉండి పూర్తిగా కప్పలేక చుట్టూ వెలుగు అంచును మిగిల్చితే కంకణ గ్రహణం. దట్టమైన నీడ సన్నని బాటగా సాగిపోతుంది కాబట్టి, ఆ బాటకు వెలుపల చాలా విస్తారమైన ప్రాంతంలో పాక్షిక గ్రహణం మాత్రమే కనిపిస్తుంది.

గ్రహణ సమయంలో సూర్యుని నుంచి కొత్త కిరణాలేవీ వెలువడవు. అపాయమంతా మన చూపు మోసపోవడంలో ఉంది. మామూలు రోజున సూర్యుని వైపు చూడబోతే కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. బింబంలో ఎక్కువ భాగం కప్పబడినప్పుడు మొత్తం వెలుగు తగ్గి, ఆ జంకు పోతుంది, కంటిపాప కూడా పెద్దదవుతుంది. మిగిలిన సన్నని వంక మాత్రం ఎప్పటంత తీవ్రంగానే రెటీనాపై (కంటి లోపల వెనుకవైపు వెలుగును గ్రహించే పొరపై) పడుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కనుక, అది దెబ్బతింటున్న సంగతి చూస్తున్నవారికి అప్పటికప్పుడు తెలిసే అవకాశం లేదు.

నేరుగా చూడదలచినవారు ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణానికి తగిన గ్రహణ కళ్ళద్దాలను నమ్మకమైన చోట కొనాలి. ముద్ర ఎవరైనా వేయవచ్చు కాబట్టి స్వయంగా పరీక్షించడమూ అవసరమే: వాటిని పెట్టుకుంటే గదిలోని వస్తువులేవీ కనిపించకూడదు, బాగా ప్రకాశించే దీపం మాత్రం మసకగా కనిపించవచ్చు. గీతలు పడినా, చిల్లులున్నా, చట్రం నుంచి ఊడుతున్నా పారవేయాలి. తల వంచి కళ్ళద్దాలు పెట్టుకున్నాకే పైకి చూడాలి. చూపు పక్కకు తిప్పుకున్నాకే తీయాలి. చూపు కోసం వాడే కళ్ళజోడును తీయకుండా దానిపైనే వీటిని ధరించవచ్చు. 14వ నంబరు వెల్డింగ్ గాజు కూడా పనికి వస్తుంది. చలువ కళ్ళద్దాలు, మసి పట్టించిన గాజు, ఎక్స్‌రే ఫిల్ములు, నీటిలోని ప్రతిబింబం వంటివి వెలుగును తగ్గించినట్టు అనిపిస్తాయి గాని రక్షణ ఇవ్వవు. గ్రహణ కళ్ళద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోనో టెలిస్కోపులోనో చూడడం అన్నిటికన్నా ప్రమాదం: అక్కడ కేంద్రీకృతమైన కిరణాలు ఆ పొరను కాల్చి కంటిలోకి దూరతాయి. ఫిల్టరు ఎప్పుడూ పరికరం ముందువైపు, సూర్యునికి ఎదురుగా ఉండాలి.

పిల్లలు ఎక్కువమంది ఉన్నచోట పరోక్షంగా చూడడమే మేలని నా అభిప్రాయం. అట్టముక్కకు 1 మిల్లీమీటరు రంధ్రం పొడిచి, సూర్యునికి వీపు పెట్టి నిలబడి, ఆ రంధ్రం గుండా వచ్చే వెలుగును 1 మీటరు దూరంలోని తెల్ల కాగితంపై పడనివ్వాలి. సుమారు 9 మిల్లీమీటర్ల బింబం, కొరికినట్టున్న అంచుతో సహా, తలకిందులుగా కనిపిస్తుంది. కాగితాన్ని దూరం జరిపితే బింబం పెద్దదవుతుంది గాని మసకబారుతుంది. రంధ్రంలోంచి సూర్యుని చూడకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. అద్దంపై 5 మిల్లీమీటర్ల రంధ్రమున్న కాగితం అంటించి, 10 మీటర్ల దూరంలో ఉన్న చీకటి గది గోడపైకి వెలుగును మళ్ళిస్తే 9 సెంటీమీటర్ల బింబం అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. అద్దం వైపు ఎవరూ చూడకుండా జాగ్రత్తపడాలి. చెట్టు నీడలోనూ ఆకుల సందులన్నీ ఇదే పని చేసి నేలంతా నెలవంకలు పరుస్తాయి.

కళ్ళద్దాలు తీసి చూడదగిన సమయం ఒక్కటే: సంపూర్ణ గ్రహణ పథంలో ఉండి, సూర్యబింబం పూర్తిగా మాయమైన తరువాత. చంద్రుని అంచులోని లోయల గుండా మిగిలిన చివరి వెలుగు పూసలు కూడా ఆరిపోయాక సూర్యుని బాహ్య వాతావరణమైన కరోనా తెల్లని కాంతితో వెలువడుతుంది. ఆ వ్యవధి ఎంత ఎక్కువైనా 7 నిమిషాల 32 సెకన్లకు మించదు, సాధారణంగా అంతకంటే చాలా తక్కువ. కాబట్టి మీరున్నచోట అది ఎంతసేపో ముందే తెలుసుకుని, మొదటి వెలుగు చుక్క పొడుచుకు రాకముందే కళ్ళద్దాలు తిరిగి పెట్టుకోవాలి. పాక్షిక గ్రహణంలోను, కంకణ గ్రహణంలోను ఈ వెసులుబాటు ఒక్క క్షణం కూడా లేదు.

గ్రహణం చూసిన కొన్ని గంటలకో మరునాటికో చూపు మధ్యలో మచ్చ ఏర్పడినా, అక్షరాలు మసకబారినా, గీతలు వంకరగా కనిపించినా ఆలస్యం చేయకుండా కంటి వైద్యుని సంప్రదించాలి.