వెనక యాక్సిల్ ఎందుకు విరిగిందో చూశాకే కొత్తది కొనండి

సాలూరు దాటి ఒడిశాలోని సుంకి, పొట్టంగి మీదుగా ఘాటీ ఎక్కి, హైవే వదిలి సెమిలిగుడ చుట్టుపక్కల ఊళ్లకి దిగే జీపులకి వానాకాలంలో పెద్ద ఖర్చు పెట్టించేది వెనక యాక్సిలే. అది విరగ్గానే ‘ఇంకా పెద్దది వేయించెయ్’ అని సలహాలు మొదలవుతాయి. వేయించొచ్చు, కానీ విరిగిన షాఫ్టుని (యాక్సిల్ లోపల చక్రాన్ని తిప్పే ఉక్కు కడ్డీని) తుక్కులో పడేయకముందు డీజిల్‌తో కడిగి వెలుతుర్లో పెట్టి చూడండి.

గేరు పడుతుంది, బండి కదలదు

ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలు లాగుతున్నాయంటే దాదాపుగా వెనక షాఫ్టు తెగినట్టే. స్ప్లైన్ల మీద, అంటే షాఫ్టు చివర ఉండే గాళ్ల మీద వేలు పెట్టి తడమండి. తిన్నగా ఉండాల్సిన గాళ్లు పక్కకి మెలి తిరిగి ఉంటే టార్క్ (తిప్పే బలం) ఎక్కువై తెగిందని అర్థం. రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రం జారుతూ ఉండగా యాక్సిలేటర్ తొక్కి, ఒక్కసారిగా పట్టు దొరికినప్పుడు ఇలా జరుగుతుంది. అలా కాక గాళ్లు తిన్నగానే ఉండి, తెగిన చోట ఒక పక్క నున్నగా గీతలు గీతలుగా, మిగతాది గరుగ్గా ఉంటే ఆ పగులు చాన్నాళ్ల నుంచి పాకుతోందన్నమాట, దానికి కారణం ఎక్కువగా బరువే.

టార్క్ వల్ల తెగితే లావు షాఫ్టు కావాలి. 28 మిల్లీమీటర్ల నుంచి 32కి వెళితే, అదే ఉక్కు అయినా బలం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఎంత కావాలో లెక్క కట్టడం కష్టమేమీ కాదు: చక్రం మీద 600 కిలోలు, రాతి మీద పట్టు 0.8, టైరు మధ్య నుంచి నేలకి 0.38 మీటర్లు అనుకుంటే సుమారు 1,800 న్యూటన్ మీటర్లు దాటగానే టైరే జారిపోతుంది. లాకర్ (రెండు చక్రాల్నీ కలిపి ఒకటిగా తిప్పేది) ఉండి ఒక చక్రం గాల్లోకి లేస్తే వెనక బరువంతా రెండో దాని మీదే, అంటే 3,600. పెద్ద టైరు వేస్తే ఇంకా పెరుగుతుంది, కుదుపులకి ఇంకొంత వదలాలి. అందుకే పెద్ద టైర్లు, లాకర్ వేసుకుని పాత షాఫ్టులతోనే తిరిగేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

బరువు వల్ల తెగితే మాత్రం ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ చూడండి. సెమీ ఫ్లోటింగ్‌లో షాఫ్టే చక్రాన్ని తిప్పాలి, బండి బరువూ మోయాలి. ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువు హబ్బు బేరింగుల మీదుగా హౌసింగ్‌కి (యాక్సిల్ బయటి తొడుగుకి) వెళ్లిపోతుంది, షాఫ్టు తిప్పడానికే. తెగినా చక్రం ఊడిపోదు. సంతకి అల్లం బస్తాలు, మనుషులు కలిపి ఎక్కించే బండికి ఇదే సరైనది, ఇందులో నాకు రెండో మాట లేదు.

బ్రేక్ డ్రమ్ములో ఆయిల్

ఇది యాక్సిల్ చిన్నదై కాదు. ముందు బ్రీదర్ (యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే దారి) చూడండి, ఎర్రమట్టితో మూసుకుపోయి ఉంటుంది. వేడెక్కిన గాలికి దారిలేక సీలు దగ్గర ఆయిల్ తన్నుకొస్తుంది, వాగులో దిగగానే చల్లబడి నీళ్లు లోపలికి లాగుతుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే వెంటనే మార్చి, సీలు వేసి, బ్రీదర్‌కి గొట్టం తగిలించి ఛాసిస్ పైదాకా కట్టండి. ఆయిల్ పట్టిన బ్రేక్ లైనింగుతో ఘాటీ దిగొద్దు.

టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయి

వెనక నిలబడి చూడండి, చక్రాల పైభాగాలు లోపలికి వాలి ఉంటే హౌసింగ్ వంగింది. అందులో ఎంత గట్టి షాఫ్టు వేసినా మళ్లీ తెగుతుంది. బిగింపు పట్టీ పెట్టి ఏకధాటిగా వెల్డింగ్ కొట్టిస్తే వేడికి ఇంకా వంకర పోతుంది, కాబట్టి హౌసింగ్ మార్చడమే మేలు.

రివర్స్ వేస్తే టక్కుమంటే ముందు యూ బోల్టులు, కమాన్ పట్టీల సెంటర్ బోల్టు, యూనివర్సల్ జాయింట్లు చూసుకుని, తర్వాతే క్రౌన్ పినియన్ (యాక్సిల్ మధ్యలో ఉండే పళ్ల చక్రాల జత) విప్పించండి.

పేరు చూసి మాత్రం కొనకండి. డానా కంపెనీ యాక్సిల్ మోడళ్లే తీసుకోండి, డానా 44 అన్నవాటిలోనే 19 స్ప్లైన్లవీ, 30వీ ఉన్నాయి. డానా 60 చాలా గట్టిది, కానీ క్రౌన్ 9.75 అంగుళాలు, కింద రాళ్లకి తగులుతుంది, బరువూ ఎక్కువే. స్ప్లైన్లు లెక్కపెట్టి, లావు కొలిచి, క్రౌన్ పినియన్ నిష్పత్తి ముందు యాక్సిల్‌తో సరిపోతోందో చూసి కొనండి, లేకపోతే ఫోర్ వీల్‌లో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే గేరు పెట్టె) పోతుంది. చాలా బండ్లలో ఎడమ, కుడి షాఫ్టుల పొడవు వేరు, రెండూ కొలవండి.