మీ ఊరి కొండ మీదికి గాలిమరలు వస్తున్నాయా? సంతకం పెట్టేముందు ఇవి చేయండి

కొండ మీద గాలిని కొలిచే సన్నటి ఇనుప స్తంభం పాతారంటే, ఇక ఆలస్యం చేయొద్దు. గాలి కరెంటుకు నేను వ్యతిరేకిని కాను. కానీ ఏ కొండ మీద, ఎంత దూరంలో అన్నది మొదట్లోనే తేలాలి. మైనింగ్‌కి పెట్టినట్టు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందిలే అనుకోకండి, 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కిందికి గాలిమరలు రావు కాబట్టి మిమ్మల్ని అడగడానికి ఎవరూ రారు.

ముందు కొండెక్కండి. మీ ఊరి గొర్రెల కాపరిని వెంటబెట్టుకుని వెళ్ళండి, ఏ వంకలో ఎండాకాలం కూడా చెమ్మ ఉంటుందో, ఏ దారిన మంద ఎక్కుతుందో ఆయనకే తెలుసు. బోద గడ్డి, ఈత చెట్లు, సీతాఫలం, కనిపించిన ప్రతిదాన్నీ లొకేషన్‌తో ఫోటో తీయండి. ఇదంతా ఎందుకంటే రికార్డులో ఆ కొండ ఉత్త 'బంజరు'. కల్పవల్లి అని వినే ఉంటారు, అనంతపురం ప్రాంతంలో రామగిరి, చెన్నేకొత్తపల్లి వైపు ఊళ్ళవాళ్ళు 1990ల నుంచి కాపాడి పెంచుకున్న అడవి. కాగితాల్లో బంజరుగానే ఉండిపోయింది, గాలిమరలు వచ్చాయి, గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది.

తర్వాత అడంగల్, సర్వే నంబర్లు చూసుకోండి. డీకేటీ పట్టా భూమైతే, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమైతే, కొనుగోలు ఒప్పందమని ఎవరైనా కాగితం చాపినా సంతకం పెట్టకండి, 1977 చట్టం అసైన్డ్ భూమి బదిలీని నిషేధించింది, 2023లో ఆంధ్రప్రదేశ్ దాన్ని కొంత సడలించింది, కాబట్టి మీ భూమికి ఏది వర్తిస్తుందో ముందు తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. మ్యాపులు, అనుమతుల కాపీలు సమాచార హక్కు కింద అడగండి. మండల ఆఫీసులో 5 రూపాయలు, జిల్లాలో 10, గడువు 30 రోజులు.

దూరం మీరే టేపు పట్టి కొలవండి. కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇళ్ళకు కనీసం 500 మీటర్ల దూరం ఉండాలి. రోడ్డుకైతే గాలిమర స్తంభం ఎత్తు, రెక్కల చుట్టు వెడల్పులో సగం, ఇంకో 5 మీటర్లు కలపాలి. అంటే 120 మీటర్ల స్తంభం, 140 మీటర్ల చుట్టు ఉంటే 195 మీటర్లు.

నన్నడిగితే గాలిమర కంటే దాని రోడ్డే ఎక్కువ నష్టం చేస్తుంది. అరవై డెబ్బై మీటర్ల రెక్కను మోసుకొచ్చే ట్రైలర్ మలుపు తిరగాలంటే కొండను వెడల్పుగా కోయాల్సిందే, ఆ వదులు మట్టి మొదటి పెద్ద వానకే వంకలోకి, అక్కడి నుంచి చెరువులోకి దిగుతుంది. అందుకే మట్టి ఎక్కడ పోస్తారు, అడ్డుగోడ ఎవరు కడతారు, పూడిక ఎవరు తీస్తారు, మంద దారి ఎక్కడ వదులుతారు అనేవి గ్రామసభలో చదివించి తీర్మానంలో రాయించండి. ఆడవాళ్ళూ కాపరులూ వచ్చే వేళకే సభ పెట్టమని అడగండి. తీర్మానం కాపీ మీద పంచాయతీ కార్యదర్శి సంతకం, తేదీ, ముద్ర పడ్డాకే అక్కడి నుంచి కదలండి.