లోటస్ ఎలాన్‌ను విప్పే ముందు

అక్టోబరు చివర గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాక ఇంగ్లండ్‌లో టాపు తీసే కార్ల మీద మోజు తగ్గిపోతుంది. వాన, చీకటి, రోడ్ల మీద ఉప్పు. సరిగ్గా అప్పుడే ‘ప్రాజెక్టు కారు’, అంటే కొన్నవాళ్లే బాగుచేసుకోవాల్సిన పాత కారు, ప్రకటనలు పెరుగుతాయి, బేరమూ కాస్త కుదురుతుంది. చలికాలమంతా గ్యారేజీలో పనిచేసి ఏప్రిల్‌కల్లా రోడ్డెక్కిద్దామన్న ఆశ పుడుతుంది. ఇక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లలో రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని, సాయంత్రానికి చేతులకు ఏదో ఒక పని కావాలని తపించేవాళ్లు చాలామంది. నాకు తెలిసిన ఇద్దరు ఈ ఏడాది లోటస్ ఎలాన్ అనే పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పారేసుకున్నారు. వాళ్లకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

మనసు పారేసుకోవడంలో తప్పు లేదు. 1962లో వచ్చి 1973 దాకా తయారైన ఈ చిన్న కారు బరువు సుమారు ఏడు వందల కిలోలే. ఉక్కుతో చేసిన సన్నని వెన్నెముక లాంటి ఛాసిస్, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ, ముందు 1558 సీసీ ట్విన్ క్యామ్ ఇంజిను. ఒక్కసారి మలుపులో తిప్పి చూస్తే స్టీరింగ్ చేతితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. దీన్ని రూపొందించిన రాన్ హిక్‌మన్ తర్వాత వర్క్‌మేట్ అనే మడత బల్లను కనిపెట్టాడు. ఇక్కడి గ్యారేజీల్లో ఏదో ఒక మూల అది కనిపిస్తుంది. ఆయన కారును ఆయన బల్ల మీదే బాగుచేసుకోవడం నాకెప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

అయితే ఒక్క మాట. తుప్పు పట్టి పోయిన ఎలాన్‌లకన్నా, ఎవరో ఉత్సాహంగా విప్పేసి తిరిగి బిగించలేక మూలన పడేసినవే నాకు ఎక్కువ కనిపించాయి. అందుకని నా జాగ్రత్తలు చాలావరకు ఈ విప్పడం చుట్టూనే తిరుగుతాయి.

ముందు కాగితాలు. వి5సి అనే లాగ్‌బుక్‌లో, అంటే కారు రిజిస్ట్రేషన్ పత్రంలో, పేరున్నంత మాత్రాన ఆ మనిషి కారుకు యజమాని అని కాదు. ఆ కాగితం మీదే ఆ సంగతి రాసి ఉంటుంది. కొన్నప్పటి రసీదు అడగండి. కారు మీద అప్పుందా, దొంగతనం కేసుందా అన్నది కొంత రుసుము కట్టి విచారించుకోవచ్చు. నంబరు కొడితే కారు రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని ఏటా చూసే ఎంఓటీ పరీక్షల చరిత్ర 2005 నుంచి ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా కనిపిస్తుంది: ఏ ఏడాది ఎన్ని మైళ్లు తిరిగింది, దేనికి తప్పింది అన్నీ. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు 2018 మే నుంచి ఎంఓటీ తప్పనిసరి కాదు. అందువల్ల చాలా ఎలాన్‌లకు ఈ మధ్య పరీక్షే జరగలేదు. ‘మినహాయింపు ఉందండీ’ అని అమ్మేవాళ్లు చెబితే అది చట్టం సంగతి, కారు ఆరోగ్యం సంగతి కాదు. పని పూర్తయ్యాక మీరైనా సొంతంగా పరీక్షకు తీసుకెళ్లండి.

కారు చెప్పిన మోడలేనా అన్నదీ చూడాలి. చివరి ఏళ్లలో వచ్చిన ఎలాన్ స్ప్రింట్‌కు ధర ఎక్కువ, ఎందుకంటే దాని ఇంజినుకు 126 గుర్రాల శక్తి అని చెబుతారు; మొదటి కార్లవి 105. ఈ శక్తిమంతమైన ఇంజినుకు గుర్తుగా ‘బిగ్ వాల్వ్’ అని అక్షరాలున్న పైమూత విడిగా దొరుకుతుంది, పాత ఇంజిను మీద పెట్టి బిగించడం అరగంట పని. ఫోర్డ్ కార్టినా లోటస్ రకంలోనూ ఇదే కుటుంబం ఇంజిను ఉండేది కాబట్టి అటూ ఇటూ మారినవీ ఉన్నాయి. మూతను నమ్మకండి. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు రాసుకుని, తయారీ రికార్డులతో సరిపోతున్నాయో లేదో కంపెనీ నుంచి ధ్రువపత్రం తెప్పించుకోండి. అది వచ్చేదాకా బయానా ఇవ్వకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. పైన పటారం లోన లొటారం అన్న మాట ఈ కారుకు సరిగ్గా సరిపోతుంది. ఫైబర్‌గ్లాస్‌కు తుప్పు పట్టదు కదా, అందుకని ఎంత పాతదైనా బాడీ నిగనిగలాడుతుంది. లోపల ఛాసిస్ మాత్రం పల్చటి రేకును మడిచి అతికిన పెట్టె. దాని ముందు కొస చీలి అటూ ఇటూ రెండు స్తంభాల్లా లేస్తుంది. వాటికే ముందు చక్రాల సస్పెన్షన్ వేలాడుతుంది. వాటి అడుగున నీళ్లు పోవడానికి రంధ్రాలుంటాయి. బురద చేరి ఆ రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, లోపలి నుంచి బయటికి తినేస్తాయి. ఆ రెండు స్తంభాలను కలిపే ముందు అడ్డపెట్టె ఇంకో పని కూడా చేస్తుంది: బాడీలో ముడుచుకుని ఉండే హెడ్‌లైట్లను పైకి లేపే వాక్యూమ్‌ను నిలవ చేసే ట్యాంకు అదే. అది చిల్లిపడితే లైట్లు సరిగా లేవవు. కాబట్టి ‘లైట్లు కొంచెం బద్ధకంగా లేస్తాయి’ అని అమ్మే మనిషి అన్నప్పుడు అది ఏదో గొట్టం వదులు కావచ్చు, ఛాసిస్‌లో చిల్లీ కావచ్చు. రెండింటి ఖర్చుకూ పోలికే లేదు.

కారు కిందికి టార్చి, చిన్న స్క్రూడ్రైవరు పిడి తీసుకుని దూరండి. పిడితో కొట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది, పోయింది మొద్దుగా పలుకుతుంది. నల్లటి కొత్త పెయింటు మందంగా పులిమి ఉంటే అక్కడే ఎక్కువసేపు ఆగండి. స్తంభాల మొదట్లో రేకు ముడతలు పడి ఉంటే ఎప్పుడో ముందు గుద్దుకున్న కారని అర్థం; బాడీని అతికి రంగేస్తే గుద్దుడు బయటికి కనిపించదు. జింకు పూత పూసిన ఛాసిస్‌లు తర్వాత వచ్చాయి, ఎవరైనా మార్పించి ఉంటే అదృష్టం. రసీదు, తేదీ అడగండి. మీరే మార్చాలనుకుంటే, కొనే ముందే డీవీఎల్‌ఏ (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) వారిని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి, లేకపోతే కారు గుర్తింపు విషయంలో తర్వాత చిక్కులొస్తాయి.

ఇంజిను దగ్గర వాటర్ పంపు పుల్లీని పట్టి ఊపి చూడండి. ఊగితే ఆ పంపు పని అయిపోయినట్టే. ఈ ఇంజినులో పంపు ముందు మూతలో కలిసిపోయి ఉంటుంది. పాత పద్ధతిలో మార్చాలంటే ఇంజిను హెడ్డు, కింద ఆయిల్ నిలిచే సంపు కూడా విప్పాల్సిందే. విడిగా తీసి మార్చుకునే రకం మూతలు ఇప్పుడు దొరుకుతున్నాయి, ఇంజిను ఎలాగూ విప్పుతుంటే అవే వేయించండి. ఫ్యాన్ బెల్టును అతిగా బిగించడమే ఈ పంపుకు ముఖ్య శత్రువు. వెనక డ్రైవ్ షాఫ్టుల్లో బిస్కెట్ ఆకారంలో నాలుగు రబ్బరు కప్లింగులుంటాయి, రోటోఫ్లెక్స్ అంటారు. వాటిలో బీటలు కనిపిస్తే ఆ కారును తోలి ఇంటికి తెచ్చుకోకండి, లారీ మీద తెప్పించుకోండి. రబ్బరు తెగితే షాఫ్టు కొరడాలా కొట్టుకుని ఛాసిస్‌నే చీల్చేస్తుంది.

ఈ కార్లకు నిప్పు భయం నిజమైనది. డిస్ట్రిబ్యూటరు కార్బురేటర్ల కిందే ఉంటుంది. పైన పెట్రోలు చుక్క కారితే అది పడేది నిప్పురవ్వ పుట్టే చోటికే. ఫైబర్‌గ్లాస్ అంటుకుంటే ఆర్పడం కష్టం. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 అయింది, అందులో పది శాతం దాకా ఇథనాల్ ఉండొచ్చు. పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరిచి పగలగొడుతుంది. అందుకని ఇంజిను స్టార్ట్ చేసి చూడాలన్న ఆత్రం ఎంతున్నా, ముందు ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయండి. తర్వాత ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపర్ పెట్రోలు పోయండి. నా మొదటి కారులో ముప్పై ఏళ్ల గొట్టాన్ని ‘బాగానే ఉందిలే’ అని వదిలేశాను. మూడో సాయంత్రం గ్యారేజీ నేల మీద పెట్రోలు మడుగు కనిపించింది. ఆ రాత్రి హీటరు వెలిగించి ఉంటే నేను ఈ మాటలు రాసేవాణ్ని కాదు. బ్యాటరీ తీగ ఎప్పుడూ విప్పి పెట్టండి. నిప్పార్పే సిలిండరును తలుపు పక్కన ఉంచండి, కారు వెనక కాదు.

ఇప్పుడు విప్పడం గురించి. మొదటి వారం పానా ముట్టుకోకండి. ఫొటోలు తీయండి: ప్రతి తీగ ఎక్కడికి వెళ్తోంది, ప్రతి వాషరు ఏ వైపు ఉంది, గొట్టం ఏ క్లిప్పు కింద దూరింది. తర్వాత ఒక భాగం, ఒక్కటే భాగం విప్పండి. దాన్ని బాగుచేసి, బిగించి, అప్పుడు రెండోది. బాడీని ఛాసిస్ నుంచి ఎత్తడానికి నలుగురు స్నేహితులు చాలు, ఒక ఆదివారం పని. ఆ తేలికే మోసం చేస్తుంది. ఎత్తిన రోజు పండగలా ఉంటుంది, తర్వాత రెండేళ్లు ఆ బాడీ తోటలో టార్పాలిన్ కింద తడుస్తుంది. ఛాసిస్ నిజంగా మార్చాల్సి వస్తేనే ఎత్తండి.

ఇదే కారణంతో, డబ్బాల్లో ఉన్న కారు ఎంత చవకైనా మొదటిసారి చేసేవాళ్లు కొనవద్దని నా గట్టి మాట. ‘అన్నీ ఉన్నాయండీ, బిగించుకోవడమే’ అంటారు. నాకు అలా అమ్మినవారు ఎనిమిది అట్టపెట్టెలు ఇచ్చారు. అద్దాలు కిందికి దింపే యంత్రం ఒకటి, విండ్‌స్క్రీన్ చుట్టూ ఉండే పట్టీ, హెడ్‌లైట్లను లేపే వాక్యూమ్ పరికరం వాటిలో లేవని తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఇంజిను భాగాలు దొరుకుతాయి. ఇలాంటి చిల్లర సామానే ఏళ్లకేళ్లు తిప్పిస్తుంది. కొనక తప్పదనుకుంటే పార్ట్స్ జాబితా పుస్తకం వెంట తీసుకెళ్లి, ఒక్కో వస్తువుకూ టిక్కు పెట్టాకే డబ్బివ్వండి.

బాడీ పనికి చలికాలం అనుకూలం కాదు. ఫైబర్‌గ్లాస్‌ను అతికే రెసిన్ చల్లటి గ్యారేజీలో సరిగా గట్టిపడదు, 15 డిగ్రీల కింద పని మొదలుపెట్టొద్దు. మామూలు పెయింట్ రిమూవరు ఫైబర్‌గ్లాస్ పైపొరను తినేస్తుంది, ఇసుక బ్లాస్టింగూ అంతే. ఓపిగ్గా ఉప్పు కాగితంతో గీకాల్సిందే. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మంచి మాస్కు పెట్టుకోండి. పాత క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి దులపకండి, తడిపి తుడవండి. రంగు వేసే పని మాత్రం స్ప్రే బూత్ ఉన్నవాళ్లకే ఇవ్వండి. టూ ప్యాక్ (రెండు భాగాలు కలిపి వేసే) పెయింటులోని ఐసోసయనేట్ ఒకసారి ఆస్తమా అంటిస్తే అది జీవితాంతం వదలదు.

జాకీ ఎప్పుడూ ఛాసిస్ కిందే. బాడీ కింద పెడితే పగుళ్లు నక్షత్రాల్లా విచ్చుకుంటాయి. స్టాండ్లు లేకుండా కింద దూరొద్దు, ఒక్క నిమిషం పనైనా సరే. ఇంట్లో వాళ్లకు మీరు కారు కింద ఉన్నట్టు తెలిసి ఉండాలి.

కరెంటు పని మొదలుపెట్టే ముందు ఇది గుర్తుపెట్టుకోండి: ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు, అందుకని ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ తీగ ఉండాలి. వెలగని దీపం దగ్గర బల్బు మార్చే ముందు నల్లటి ఎర్త్ తీగ చూడండి.

మొదటి డ్రైవ్‌కు పగలే, పొడి రోడ్డు మీదే బయల్దేరండి. వెనకాల ఇంకో కారులో ఎవరైనా రావాలి. పది మైళ్లకు ఆపి బానెట్ ఎత్తి పెట్రోలు వాసన చూడండి, రోటోఫ్లెక్స్ బోల్టులు తడమండి, ఒకే పెద్ద నట్టు ఉన్న చక్రాలైతే ఆ నట్టును మళ్లీ బిగించండి.