శ్రీకాకుళంలో ఇల్లు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

ముందు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయించండి, కనీసం 30 ఏళ్లది. లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు) జిరాక్సులతో సరిపెట్టుకోకుండా ఒరిజినల్సే చూపించమనండి, "బ్యాంకులో ఉన్నాయండీ" అన్నారంటే లోను ఇంకా తీరలేదన్నమాట, ఆ లెక్క తేలాకే మిగతా మాటలు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (ప్రభుత్వం అమ్మకాలు ఆపిన భూముల జాబితా) ఉంటే రిజిస్ట్రేషనే అవదు. డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అంటే మాత్రం లాయరుకు చూపించకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

నాగావళి పక్క వీధుల్లో అయితే వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. ఎండాకాలంలో అన్ని ఇళ్లూ బాగానే ఉంటాయి! మేము చూసిన ఒక ఇంట్లో గోడలకి మోకాలెత్తు వరకే కొత్త రంగు వేసి ఉంది, అనుమానం వచ్చి మంచం కాస్త జరిపితే వెనక నీళ్లు నిలిచిన చార. పక్కింటి మామ్మగారిని అడిగితే ఏ ఏడు ఎన్ని మెట్లు మునిగాయో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేశారు. బ్రోకరు కన్నా ఆవిడ వెయ్యి రెట్లు నయం.

కొలత దగ్గరుండి టేపు పట్టించండి. సెంటు అంటే 48.4 గజాలు, ఎవరైనా 50 కింద లెక్కగడితే మూడు సెంట్లకి దాదాపు 5 గజాలు గాల్లో కలిసినట్టే.

కొత్త అపార్ట్‌మెంటా? స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు 8 దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాల్సిందే. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి కొనేవాళ్లే పట్టుకుని కట్టాలి.

అడ్వాన్సు చెక్కుగానే ఇవ్వండి, ముహూర్తం దాటిపోతోందని ఎంత తొందరపెట్టినా సరే.