కుక్క గుండె జబ్బుకు రెండో అభిప్రాయం: ఏం పట్టుకెళ్లాలి, ఏం అడగాలి

మీ కుక్కకు ‘గుండె పెరిగింది’ అని డాక్టరు గారు చెప్పగానే అడగవలసిన మొదటి మాట ‘ఎంత?’ అని. ‘ఎన్నాళ్లు బతుకుతుంది?’ అన్నది ఆ తరువాత. నేను ఉద్యోగమంతా ట్రెజరీలో బిల్లులు తనిఖీ చేసినవాణ్ని, ఓచరు లేని పద్దుకు సంతకం పెట్టే అలవాటు లేదు. మా జిమ్మీ తెల్లటి స్పిట్జ్. విజయవాడలో అందరూ పామెరేనియన్ అనే రకం. వాడి దగ్గుకు ‘ఇక జీవితాంతం వాడాలి’ అంటూ మందుల చీటీ చేతికి వచ్చింది. ఆ చీటీ మీద ఒక్క కొలత కూడా లేదు. ఆ ఖాళీ పూరించుకోవడానికే రెండో అభిప్రాయానికి బయలుదేరాం.

ముందు ఒక హెచ్చరిక. కుక్క పడుకోలేక మెడ చాచి, మోచేతులు ఎడంగా పెట్టి కూర్చుని ఊపిరి లాగుతున్నా, చిగుళ్లు పాలిపోయినా, నీలంగా మారినా, స్పృహ తప్పి పడిపోయినా అది రెండో అభిప్రాయానికి సమయం కాదు. దగ్గరలో ఏ పశువైద్యుడుంటే ఆయన దగ్గరకు ఆ నిమిషమే తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే గంటలు కూడా లెక్కే. అలాగే, పెద్ద డాక్టరుకు చూపించబోతున్నాం కదా అని ఇప్పుడు వాడుతున్న మందులు సొంతంగా మానేయకండి. చివరి మోతాదు ఎన్ని గంటలకు వేశారో రాసి పెట్టుకుంటే చాలు.

అంత ప్రమాదం లేనప్పుడు ఇంట్లోనే చేయదగిన పని ఒకటుంది, డబ్బు ఖర్చు లేనిది. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకల వెనక, పొట్ట మొదలయ్యే చోట చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. గడియారం చూస్తూ ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టండి. జిమ్మీకి అక్కడ బొచ్చు దట్టం. ఫ్యాను గాలికి బొచ్చు కదులుతుంటే ఊపిరి ఏదో గాలి ఏదో తెలిసేది కాదు. ఫ్యాను ఆపితే ఉక్కకు లేచి రొప్పేవాడు. చివరకు మా ఆవిడ తెల్లవారుజామున, ఇంకా చల్లగా ఉన్నప్పుడు లెక్కపెట్టే పని తీసుకుంది. కలలో కాళ్లు ఆడిస్తున్నప్పటి లెక్కా, ఎండకు రొప్పుతున్నప్పటి లెక్కా పనికిరావు. నిద్రలో నిమిషానికి 30 లోపు ఉంటే సాధారణంగా ఊపిరితిత్తుల్లో నీరు లేదని ధైర్యపడవచ్చు. వరసగా 30 దాటుతుంటే అదే రోజు డాక్టరుకు ఫోను చేయాలి. ఒక వారం లెక్కలు తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. స్పెషలిస్టు మొదట చేయి చాచేది దానికే.

దగ్గును ఫోనులో వీడియో తీయండి. ఆసుపత్రిలో బల్ల ఎక్కగానే దగ్గే కుక్క ఇంతవరకు పుట్టలేదు. చిన్న జాతి కుక్కల్లో శ్వాసనాళం మెత్తబడి అణిగిపోయే జబ్బు ఎక్కువ. గొలుసు లాగినప్పుడో, ఎగిరెగిరి ఆడినప్పుడో బాతు అరిచినట్టు వచ్చే పొడి దగ్గు చాలాసార్లు దానిదే. గుండె చప్పుడులో మర్మర్, అంటే మామూలు చప్పుళ్ల మధ్య బుస్సుమనే అదనపు శబ్దం, వినిపించినంత మాత్రాన దగ్గు గుండె వల్లే అనుకోనవసరం లేదు. ముసలి చిన్న కుక్కకు రెండూ విడివిడిగా ఉండవచ్చు. ఇంకోటి: రక్తహీనతలోనూ మర్మర్ వినిపిస్తుంది. మన వైపు పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు, వాటితో రక్తం తగ్గిపోవడం మామూలే. కాబట్టి ఇటీవలి రక్తపరీక్ష లేకపోతే చేయించి, ఆ కాగితం కూడా జత చేయండి. ఫ్యూరోసెమైడ్, అంటే ఒంట్లో నీరు తీసే లాసిక్స్ బిళ్ల, వాడుతుంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం కూడా చూపించాలి.

ఇక ఎక్స్‌రే. ‘గుండె పెరిగింది’ అన్న తీర్పు ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో గుండె పొడవును, వెడల్పును వెన్నుపూసలతో కొలిచి రెండూ కలిపితే ఒక సంఖ్య వస్తుంది. దాన్ని వెర్టిబ్రల్ హార్ట్ స్కోర్ అంటారు. కుక్కలకు సగటు 9.7. 10.5 దాటితే పెరిగినట్టు లెక్క. అయితే ఆరోగ్యంగా ఉన్న లాబ్రడార్లకు, పగ్‌లకు, పామెరేనియన్లకు సగటే 10.5 దగ్గరో అంతకు కాస్త పైనో ఉంటుంది. బాక్సర్లకు 11 పైనే. జాతి చూడకుండా ఒకే గీత గీస్తే ఆరోగ్యవంతులు కూడా రోగులైపోతారు. పైగా ఊపిరి వదిలినప్పుడు తీసిన ఫిల్ములో, బాగా లావెక్కిన కుక్కలో గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనబడుతుంది. అందుకే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి తీసిన ఫోటో చాలదు. డిజిటల్ ఎక్స్‌రే అయితే అసలు ఫైలు, డైకామ్ రూపంలో, పెన్‌డ్రైవ్‌లో అడగండి. ఎకో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాను, ఇదివరకే తీయించి ఉంటే కదిలే క్లిప్పులతో సహా అడగండి. నిగనిగలాడే చిన్న కాగితం మీద వచ్చే నాలుగు బొమ్మలతో ఎవరూ ఏమీ తేల్చలేరు, అవి కొన్నాళ్లకు వెలిసిపోతాయి కూడా.

ఎవరి దగ్గరకు వెళ్లాలి? మనుషుల వైద్యంలో ఉన్నట్టు కార్డియాలజీలో డీఎం లాంటి చదువు మన పశువైద్యంలో లేదు. బోర్డు మీద ‘హృద్రోగ నిపుణులు’ అని చూసి ఆగకుండా, మెడిసిన్‌లో ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చేశారా, కుక్కలకు ఎకో స్వయంగా తీస్తారా, వారానికి ఎన్ని తీస్తారు అని ఫోనులోనే అడగండి. తప్పేమీ లేదు. మనుషుల ఎకో సెంటరుకు తీసుకెళ్లమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఏడు కిలోల కుక్క గుండెకు మనిషి కొలతలు వర్తించవు. నా ఓటు పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు. హైదరాబాదులో రాజేంద్రనగర్, మనకు గన్నవరం, తిరుపతి, కాస్త దూరమైనా ఫరవాలేదనుకుంటే చెన్నై వేపేరి. అది 1903లో మొదలైన కళాశాల. క్యూ ఉంటుంది, విద్యార్థులు చుట్టూ మూగుతారు. కానీ ప్రొఫెసరు పిల్లలకు పాఠం చెబుతూ చూస్తారు కాబట్టి ప్రతి కొలతా పైకి వినబడుతుంది. ఎకో ఏ రోజుల్లో తీస్తారో ముందే కనుక్కుని బయలుదేరండి.

మొదటి డాక్టరుకు చెప్పకుండా వెళ్లడం అనవసరమైన దొంగతనం. ‘డాక్టరు గారూ, ఒకసారి ఎకో తీయిద్దామనుకుంటున్నాం, ఎవరి దగ్గరకైతే మంచిది? ఒక ఉత్తరం రాసిస్తారా?’ అంటే చాలామంది సంతోషంగానే రాసిస్తారు. అర్ధరాత్రి ఇబ్బంది వస్తే మళ్లీ ఆయన తలుపే కొట్టాలి మరి.

పరీక్ష రోజున కంగారు పడనవసరం లేదు. సాధారణంగా మత్తు ఇవ్వరు. ఛాతీకి రెండు పక్కలా బొచ్చు గొరుగుతారు. బల్లలో ఒక చోట కోసిన ఖాళీ ఉంటుంది, కుక్కను దాని మీద పక్కకు పడుకోబెట్టి కింద నుంచి ప్రోబ్ పెడతారు. జెల్ చల్లగా తగలగానే జిమ్మీ గిలగిలలాడాడు. తల దగ్గర మా ఆవిడ నిలబడి చెవులు నిమురుతుంటే ఊరుకున్నాడు. కుక్కకు బాగా చేరికైన మనిషే వెళ్లడం మంచిది. అది మీరు కాకపోతే మీరు ఇంట్లో ఉండండి.

అడగవలసినవి కాగితం మీద రాసుకోండి. ఏ కవాటం, ఎంత లీకు? ఎడమ కర్ణికకూ బృహద్ధమనికీ నిష్పత్తి ఎంత? బరువుకు సరిచేసిన ఎడమ జఠరిక కొలత ఎంత? ఏ దశ? ఈ దగ్గు గుండెదేనా? చీటీలో ఉన్న ప్రతి మందూ ఎందుకు? మళ్లీ ఎప్పుడు చూపించాలి?

దశల సంగతి కాస్త తెలిసి ఉంటే జవాబులు అర్థమవుతాయి. చిన్న కుక్కల్లో ఎక్కువగా వచ్చేది ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మిట్రల్ కవాటం మందమై లీకవడం. అమెరికా పశువైద్య నిపుణుల సంఘం 2009లో దీనికి దశలు పెట్టి, 2019లో సవరించింది. లీకు ఉన్నా గుండె చెప్పుకోదగినంత పెరగకపోతే బీ1, మందు అక్కర్లేదు. మర్మర్ ఆరింట మూడో స్థాయికి చేరి, కర్ణిక నిష్పత్తి 1.6, జఠరిక కొలత 1.7 అందుకుంటే బీ2. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే సీ, మామూలు మందులకు లొంగకపోతే డీ. బీ2లో పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడితే గుండె వైఫల్యం సగటున 15 నెలలు వెనక్కి జరిగిందని 360 కుక్కల మీద జరిపి 2016లో ప్రచురించిన ఎపిక్ అధ్యయనం తేల్చింది. బీ1కూ బీ2కూ మధ్య గీత ఇంత ముఖ్యం, అది ఎకో లేకుండా సరిగ్గా గీయలేరు. డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద కుక్కలకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాటికి కండరం బలహీనపడే జబ్బు ఎక్కువ, 24 గంటల హోల్టర్ రికార్డు, అంటే ఒంటికి కట్టి రోజంతా తీసే ఈసీజీ, కూడా అడగాలి.

జిమ్మీ కర్ణిక నిష్పత్తి 1.3. కవాటం లీకు నిజమే, దశ బీ1, దగ్గు శ్వాసనాళానిది. మొదటి చీటీలోని లాసిక్స్‌ను ఎకో తీసిన మేడమ్ గారే ఆపించి, మెడ పట్టీ తీసేసి ఛాతీకి కట్టే పట్టీ వేయించారు, బరువు తగ్గించమన్నారు. బరువు తగ్గించడమే అన్నింటికన్నా కష్టంగా ఉంది, ఇంటికి వచ్చే ప్రతి బంధువు చేతిలోనూ బిస్కెట్టే.

రెండు అభిప్రాయాలూ కలవకపోతే మూడో ఊరు పరుగెత్తే ముందు ఏ సంఖ్య దగ్గర విడిపోయారో చూడండి. ఒకరు 1.5, ఒకరు 1.6 అంటే అది కొలిచే చేతుల తేడా కావచ్చు. కొన్ని నెలల తరువాత అదే చేతితో, అదే యంత్రం మీద మళ్లీ తీయిస్తే ఎటు నడుస్తోందో తెలుస్తుంది. ఒకరు బీ1 అని, ఇంకొకరు సీ అని అంటే ఇద్దరి క్లిప్పులూ మూడో నిపుణుడికి పంపవచ్చు. అమెరికాలో ఉన్న మేనకోడలు అక్కడి డాక్టరును అడిగి మందు చెబుతానంటే వద్దనండి. క్లిప్పులు చూసి అభిప్రాయం చెప్పగలరు గానీ, కుక్కను చేత్తో ముట్టుకోకుండా మోతాదు చెప్పడం సరి కాదు. రిపోర్టు నకలు ఒకటి మొదటి డాక్టరు గారి ఫైలులో పెట్టించి, తరువాతి ఎకో తేదీ ఆయన చేతే రాయించుకోండి.