షిఫ్టుల్లో నలిగే నర్సుల కడుపుకి ఒక టైంటేబుల్

నర్సుల కడుపు బాధల్లో చాలావరకు వేళలు తప్పడం వల్ల వచ్చేవే. మోషన్ వస్తే ఆపుకోవడం, వాష్‌రూముకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగకపోవడం, అయిదు నిమిషాల్లో టిఫిన్ డబ్బా ఖాళీ చేయడం, తెల్లవారుజామున మూడింటికి కడుపునిండా తినడం. ఈ నాలుగూ అలాగే ఉంచి ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూల్స్ కొంటే డబ్బు దండగ.

ముందు టాయిలెట్ సంగతి

పెద్దపేగు రాత్రంతా దాదాపు కదలకుండా ఉంటుంది. నిద్ర లేచాక, ఏదైనా తిన్నాక జోరందుకుంటుంది. తిన్న కాసేపటికి కలిగే ఆ కదలికే గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్. మోషన్ సులువుగా అయ్యేది అప్పుడే. మార్నింగ్ డ్యూటీలో సరిగ్గా ఆ వేళకే మీరు హ్యాండోవర్ (ముందు షిఫ్టు వాళ్ల నుంచి పేషెంట్ల బాధ్యత) తీసుకుంటూ ఉంటారు. ఆపుకున్న మలంలోంచి పేగు నీళ్లు పీలుస్తూనే ఉంటుంది కాబట్టి అది గట్టిపడుతుంది. నెలల తరబడి ఇలా ఆపుతూ పోతే ‘వెళ్లాలి’ అన్న కబురే మందగిస్తుంది.

అందుకే డ్యూటీకి బయల్దేరే వేళకి కనీసం గంట ముందు లేవండి. లేవగానే గ్లాసుడు నీళ్లు తాగి, కొంచెం తినండి, ఒక అరటిపండయినా చాలు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి టాయిలెట్‌కి వెళ్లండి. వచ్చినా రాకపోయినా అయిదు నిమిషాలు కూర్చోండి, పది మాత్రం దాటొద్దు. ముక్కొద్దు. ఫోన్ బయటే ఉండాలి. కమోడ్ అయితే పాదాల కింద 15–20 సెంటీమీటర్ల పీట వేసుకుని, మోచేతులు తొడల మీద ఆనించి కాస్త ముందుకు వంగండి. మోకాళ్లు తుంటి కన్నా ఎత్తులో ఉంటే, పురీషనాళాన్ని (పెద్దపేగు చివరి భాగాన్ని) మెలిపెట్టి పట్టుకునే కండరం వదులై దారి తిన్నగా అవుతుంది. మూడు రోజులు చూసి ‘నా వల్ల కాదు’ అని వదిలేయొద్దు, అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. నైట్ డ్యూటీ వాళ్లు మధ్యాహ్నం లేచాక ఇదే వరస పాటించాలి.

డ్యూటీలో ఉండగా వస్తే పక్క బెడ్లు చూసే తోటి నర్సుకి ఒక్క మాట చెప్పి వెళ్లిపోండి. ‘ఈ రౌండు అయ్యాక’ అనుకుంటే ఆ రౌండు ఎప్పటికీ అవ్వదు.

నైట్‌లో ఏం తినాలి, ఎప్పుడు తినాలి

రాత్రి పూట పొట్ట ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, ఇన్సులిన్ పనితనమూ తగ్గుతుంది. పగలు ఇబ్బంది పెట్టని భోజనమే తెల్లవారుజామున ఉబ్బరం, పుల్లటి తేన్పులు తెచ్చేది ఇందుకే. అలాగని రాత్రంతా ఉపవాసం ఉంటే నాలుగింటికి కొందరికి చేతులు వణుకుతాయి, మందు డోసు లెక్కలో పొరపాటు జరగొచ్చు.

అసలు భోజనం డ్యూటీకి వెళ్లే ముందే చేసేయండి. అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా ఆకలేస్తే చిన్నదేదైనా తినండి: ఉడికించిన గుడ్డు, ఒక కప్పు పెరుగు, గుప్పెడు బాదం లాంటి పప్పులు లేదా ఒక పండు. రెండు వందల కేలరీల దగ్గర ఆపేయండి. వేపుళ్లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు స్టేషన్ టేబుల్ మీద ఎప్పుడూ ఉంటాయి, వాటి జోలికి పోకుండా ఉండాలంటే మీ డబ్బా మీ దగ్గర ఉండాలి. డ్యూటీ దిగాక ఆకలితో పడుకుంటే నిద్ర సరిగా పట్టదు, కాబట్టి తేలిగ్గా తిని పడుకోండి. ఎసిడిటీ ఉన్నవాళ్లకి మాత్రం తిండికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. అంతసేపు మేలుకోలేకపోతే డ్యూటీ దిగబోయే ముందే తినేయండి. మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మలు పెట్టి 15–20 సెంటీమీటర్లు ఎత్తండి, ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. దిండ్లు పేర్చితే లాభం లేదు, నడుం దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

కాఫీ నైట్ మొదటి సగంలోనే తాగేయండి. కెఫీన్ సగం కరగడానికే అయిదారు గంటలు పడుతుంది. ఎనిమిదింటికి పడుకునేవాళ్లు రెండు దాటాక తాగితే నిద్ర సరిగా పట్టదు, ఆ నిద్ర లేమి మళ్లీ కడుపు మీదే పడుతుంది.

పీచు పెంచడం, దాన్ని చెడగొట్టుకోవడం

రోజుకి 25–30 గ్రాముల పీచు కావాలి. తొక్కతో తిన్న ఆపిల్‌లో సుమారు 4 గ్రాములు, అరటిపండులో 3, పొడి ఓట్స్ 40 గ్రాములు తీసుకుంటే 4, ఉడికించిన శనగలు అరకప్పులో 6 దాకా ఉంటాయి. అంటే పండు, ఓట్స్, శనగలతో సగం వచ్చేస్తుంది, కూరగాయలతో మిగతాది పూర్తవుతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, సోమవారం నిర్ణయించుకుని మంగళవారం నుంచే ముప్ఫై గ్రాములు తినేయడంలో. పేగుల్లో బ్యాక్టీరియా ఆ పీచుని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది, యూనిఫాం నడుం దగ్గర బిగుసుకుంటుంది, గురువారానికి అంతా వదిలేస్తారు. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి. ఇసబ్‌గోల్ వాడితే ఒక చెంచాతో మొదలుపెట్టి, నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయండి. నీళ్లు తక్కువైతే అది గొంతులోనో పేగులోనో ముద్దకట్టి అడ్డుపడుతుంది. వేరే మాత్రలకీ దానికీ రెండు గంటల ఎడం ఉంచండి.

నీళ్లకి పెద్ద లెక్కలు వద్దు. అరలీటరు బాటిల్ షిఫ్టు సగానికి ఒకటి, చివరికి ఒకటి ఖాళీ అయితే చాలు. ఎండలోనో పీపీఈ (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులు)లోనో ఉంటే ఇంకా కావాలి. మూత్రం లేత పసుపు దాటి ముదురుతుంటే తక్కువైందని అర్థం.

ఇంకో చిన్న సంగతి: గబగబా మింగేటప్పుడు తిండితో పాటు గాలీ లోపలికి పోతుంది. బ్రేక్ పది నిమిషాలే అయితే డబ్బాలో సగమే తిని మిగతాది తర్వాత దొరికే ఖాళీలో తినండి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో సార్బిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉందేమో కూడా చూడండి, రోజుకి నాలుగైదు నమిలితే ఉబ్బరం, కొందరికి విరేచనాలు కూడా వస్తాయి.

చేతులు, మాత్రలు

తినే ముందు శానిటైజర్ రాసుకుని సరిపెట్టుకోవద్దు. విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియాయిడ్స్ డిఫిసిలే అనే బ్యాక్టీరియా బీజాలు ఆల్కహాల్‌కి చావవు, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద కూడా దాని పని అంతంతే. సబ్బు రాసి 20 సెకన్లు రుద్ది, నీళ్లతో కడగాలి. వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా 48 గంటలు డ్యూటీకి వెళ్లకండి. ‘సిబ్బంది లేరు’ అన్న మొహమాటంతో వెళ్తే వార్డంతా అంటుకోవచ్చు.

నడుం నొప్పికి ఖాళీ కడుపుతో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవడం మన వృత్తిలో మామూలైపోయింది. పొట్ట లోపొరని కాపాడే ప్రోస్టాగ్లాండిన్లని అవి తగ్గించేస్తాయి. ఆ నష్టం రక్తంలోంచి కూడా జరుగుతుంది కాబట్టి తిని వేసుకున్నా పుండ్ల ముప్పు పూర్తిగా పోదు. వారంలో మూడు నాలుగు రోజులు వాడాల్సొస్తుంటే డాక్టర్‌ని కలవండి.

మలంలో రక్తం, తారులాంటి నల్లటి మోషన్, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, నిద్రలోంచి లేపే కడుపునొప్పి, రక్తహీనత, మూడు వారాలు దాటినా కుదుటపడని మోషన్ మార్పు. ఇవే లక్షణాలు పేషెంటు చెబితే మీరు ఒక్క రోజు కూడా ఆగనివ్వరు. మీకొచ్చినా కారిడార్‌లో కనిపించిన డాక్టర్‌ని నడుస్తూ అడగకుండా ఓపీ చీటీ రాయించుకుని వెళ్లండి.